పోయిన అక్షరం దొరుకుతుంది

హుద్‌హుద్ వచ్చినా తిత్లీ వచ్చినా కొన్ని లెక్కలు చెక్కుచెదరలేదు. అవి ఉక్కు పెట్టెల్లో లేవు. ఎప్పుడు పాడవుతాయో తెలియని మామూలు డిస్కుల్లో, ముక్కలు ముక్కలుగా, వేర్వేరు ఊళ్లలో ఉన్నాయి. అసలు భద్రంగా ఉండటానికి కారణం అదేనట!

2018 అక్టోబరు 11, తెల్లవారుజాము. తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి ఉద్దానం ఉద్దానంలా లేదు. తాతలు నాటిన కొబ్బరిచెట్లు, జీడితోటలు, పనసచెట్లు నేలకొరిగాయి. ఇళ్ల పైకప్పులు లేచిపోయాయి. ట్రంకు పెట్టెల్లో దాచుకున్న కాగితాలు తడిసి ముద్దయ్యాయి. పట్టాదారు పాసుపుస్తకాలు, పదో తరగతి మార్కుల జాబితాలు, పెళ్లి ఆల్బమ్‌లు... నీళ్లు తాగిన ఆల్బమ్ సంగతి తెలిసిందేగా. ఫొటోలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. విడదీయబోతే పెళ్లికూతురి ముఖం పక్క పేజీకి అంటుకుని వచ్చేస్తుంది.

అయితే ఆధార్ కార్డు నీళ్లపాలైనవాళ్లకి ఆధార్ పోలేదు. బ్యాంకు పుస్తకం కొట్టుకుపోయినంత మాత్రాన ఖాతాలో డబ్బు కొట్టుకుపోలేదు. కాగితం పోయింది కానీ కాగితంలోని లెక్క మిగిలింది. ఇంతకీ అది ఎక్కడ ఉండి మిగిలినట్టు?

ఎక్కడో ఒక పెద్ద ఇనప్పెట్టె లాంటి కంప్యూటరు ఉంటుందనీ, అందులో అన్నీ భద్రంగా ఉంటాయనీ చాలామంది అనుకుంటారు. చదువుకున్న పిల్లలైతే 'క్లౌడ్‌లో ఉంది' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. క్లౌడ్ అంటే మబ్బు. బంగాళాఖాతంలో మబ్బు పట్టిందంటేనే గుండె గుభేలుమనే జిల్లాలకి ఆ పేరుతో భరోసా ఇవ్వడం కాస్త విడ్డూరమే! నిజానికి అది మబ్బూ కాదు, ఇనప్పెట్టే కాదు. వేలకొద్దీ మామూలు కంప్యూటర్లు. వాటిలో ఏదో ఒకటి రోజూ చచ్చిపోతూనే ఉంటుంది.

రాయి కన్నా గట్టిది

సమాచారాన్ని గట్టి వస్తువు మీద రాస్తే ఉండిపోతుందన్నది పాతకాలపు నమ్మకం. శ్రీకూర్మం గుడి స్తంభాల మీద, ముఖలింగం గోడల మీద శాసనాలు చెక్కించినవాళ్ల ఆలోచన అదే. ఫలానా భూమి ఫలానా దేవుడికి, ఫలానా దీపానికి... సూర్యచంద్రులు ఉన్నంతకాలం చెల్లాలని రాయించారు. రాయి గట్టిదే. కానీ ఉన్నది ఒక్కటే ప్రతి. అంచు విరిగినా, సున్నం కొట్టినా ఆ అక్షరం అంతటితో సరి. గిడుగు రామమూర్తి పంతులు పాత లిపులు సొంతంగా నేర్చుకుని ముఖలింగం శాసనాలు చదివారు కాబట్టి అందులోని సంగతులు కాగితం మీదికీ, అచ్చులోకీ వచ్చాయి. అప్పటినుంచీ వాటికి రాయితో పాటు ఇంకో ఉనికి ఏర్పడింది.

తాటాకు సంగతి వేరు. రాయితో పోలిస్తే అదెంత? పురుగు తింటుంది, చెదలు పడుతుంది, ముట్టుకుంటే విరుగుతుంది. అయినా వందల ఏళ్లనాటి కావ్యాలు మనదాకా వచ్చింది దానిమీదే. కారణం ఒకటే. ఈ ఊళ్లో ఒకరు, ఆ ఊళ్లో ఒకరు ఎత్తిరాసుకున్నారు. ఒక ఇల్లు కాలిపోయినా ఇంకో ఇంట్లో ప్రతి ఉంది. సి.పి. బ్రౌన్ దొర తెలుగు పుస్తకాలను బాగుచేసినప్పుడు చేసిన పని కూడా ఇదే. ఒక్కో గ్రంథానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పండితుల చేత పక్కపక్కన పెట్టి పోల్చి చూపించి, శుద్ధప్రతి తయారు చేయించేవాడు. ఒకదాంట్లో పోయిన పద్యం ఇంకోదాంట్లో దొరికేది.

ఇప్పటి కంప్యూటర్లు పట్టుకున్నది తాటాకు దారినే.

పోతుందన్నదే నమ్మకం

మన ఇంట్లో కంప్యూటరుకు ఒకటే హార్డ్‌డిస్కు. అది నాలుగైదేళ్లు పనిచేస్తే పాడవ్వదనే అనుకుంటాం. కానీ గూగుల్ తన దగ్గరున్న డిస్కుల చావుపుట్టుకల లెక్కను 2007లో బయటపెట్టింది. మొదటి ఏడాదిలో వందకు రెండు కూడా పోలేదు. మూడేళ్ల వయసు డిస్కులు మాత్రం ఏడాదికి వందకు ఎనిమిదికి పైగా పోతున్నాయి. సగటున నాలుగనుకుందాం. ఒక కేంద్రంలో పదివేల డిస్కులుంటే ఏడాదికి 400 పోతాయి. అంటే రోజుకి ఒకటి కన్నా ఎక్కువే. పండగలేదు, పబ్బం లేదు.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, ఎంత డబ్బయినా పోసి పాడవ్వని డిస్కు కొనడం. అలాంటిది బజార్లో లేదు. రెండోది, పాడైనా ఫర్వాలేదన్నట్టుగా ఏర్పాటు చేసుకోవడం. సంజయ్ ఘెమావత్, హోవర్డ్ గోబియాఫ్, షున్-టాక్ లియుంగ్ అనే ముగ్గురు గూగుల్ ఇంజినీర్లు 2003లో ప్రచురించిన పత్రం ఈ రెండో దారినే రాజమార్గం చేసింది. చౌక యంత్రాలే వాడదాం, అవి చెడిపోవడం ఎప్పుడో జరిగే ప్రమాదం కాదు, రోజువారీ సంగతే అనుకుని మొదలుపెడదాం అన్నది వాళ్ల మాట. పెద్ద ఫైలును 64 మెగాబైట్ల ముక్కలుగా కోస్తారు. ఒక్కో ముక్కకు మూడు ప్రతులు తీసి వేర్వేరు యంత్రాల్లో పెడతారు. ఏ ముక్క ఎక్కడుందో రాసుకునే పద్దు పెద్ద యంత్రం దగ్గర ఉంటుంది.

ఇదే ఆలోచనతో డగ్ కటింగ్, మైక్ కాఫరెల్లా 'హడూప్' తయారుచేశారు. కటింగ్ గారబ్బాయి ఆడుకునే పసుపు రంగు ఏనుగు బొమ్మ పేరది. దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. మన ఆధార్ వ్యవస్థ కట్టడంలోనూ ఈ ఏనుగు చెయ్యి... కాదు, తొండం ఉంది. ఆధార్‌కు బెంగళూరులోని హెబ్బాళలో ఒకటి, హరియాణాలోని మానేసర్‌లో ఒకటి డేటా కేంద్రాలున్నాయి. మధ్యలో దాదాపు దేశమంత దూరం. ఉద్దానంలో కార్డు తడిసినా వివరాలు పోకపోవడానికి ఇదీ కారణం.

మూడు ప్రతులు ఎక్కడ పెట్టాలన్నదాంట్లోనే తెలివంతా ఉంది. డేటా కేంద్రంలో కంప్యూటర్లను అలమరలాంటి ర్యాక్‌ల్లో పేరుస్తారు. ఒక ర్యాక్‌లోని యంత్రాలన్నింటికీ కరెంటు, తీగలు చాలావరకు ఉమ్మడే. మూడు ప్రతులూ ఒకే ర్యాక్‌లో పెడితే ఆ ర్యాక్‌కి కరెంటు పోయినప్పుడు మూడూ పోతాయి. అందుకే హడూప్ ఒక ప్రతిని ఒక ర్యాక్‌లో, మిగతా రెండింటినీ మరో ర్యాక్‌లో వేర్వేరు యంత్రాల్లో పెడుతుంది. విత్తనాల ధాన్యం అంతా ఒకే పురిలో పెట్టొద్దని పెద్దవాళ్లు చెప్పేది ఇలాంటి భయంతోనే.

మూగబోయిన ఊరు

ఒక యంత్రం చచ్చిపోయిందని మిగతావాటికి ఎలా తెలుస్తుంది? ప్రతి యంత్రమూ మూడు సెకన్లకొకసారి పద్దు చూసే యంత్రానికి 'నేనున్నాను' అని ఒక చిన్న కబురు పంపుతుంది. ఇంజినీర్లు దీన్ని గుండెచప్పుడు అంటారు. అది ఆగిందా, అనుమానం మొదలవుతుంది. కానీ వెంటనే పాడె కట్టరు! హడూప్ సుమారు పది నిమిషాలు ఎదురుచూస్తుంది. గూగుల్ వాళ్లు పావుగంట ఆగేవారు.

ఎందుకంత ఓపిక? 2014 అక్టోబరు 12, ఆదివారం గుర్తుందా? హుద్‌హుద్ విశాఖ మీద విరుచుకుపడింది. గాలి గంటకు దాదాపు 180 కిలోమీటర్ల వేగం. విశాఖతో పాటు విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లోనూ స్తంభాలు కూలాయి, సెల్‌టవర్లు మూగబోయాయి. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు భోగాపురంలో ఉన్న తల్లికి ఫోన్ చేస్తే మోగలేదు. దుబాయ్‌లో ఉన్న భర్త రణస్థలంలో ఉన్న భార్యకు చేస్తే మోగలేదు. ఆ రాత్రి ఎన్ని ఇళ్లలో ఎంతమంది నిద్రపోలేదో. తల్లి క్షేమంగానే ఉంది. ఆమె మాట మాత్రం కొడుకుకు చేరలేదు. ఆ రెండింటికీ తేడా తెలియకపోవడమే నరకం.

కంప్యూటర్లకూ ఇదే చిక్కు. గూగుల్ తన కేంద్రాల్లో ఏడాదిపాటు గమనించి 2010లో చెప్పిన సంగతి ఏమిటంటే, యంత్రాలు మూగబోయిన సందర్భాల్లో పావుగంట దాటి కొనసాగేవి పదిశాతం కన్నా తక్కువే. మిగతావన్నీ కాసేపట్లో వాటంతటవే కోలుకుంటాయి. సాఫ్ట్‌వేర్ మార్చేటప్పుడో, యంత్రాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టినప్పుడో కలిగే విరామాలవి. ప్రతిదానికీ బెంబేలెత్తి కొత్త ప్రతులు రాసుకుంటూ పోతే ఆ హడావుడికే తీగలు నిండిపోతాయి.

హుద్‌హుద్ నాడు ఏటీఎంల ముందు నిలబడినవాళ్లకి తెలిసొచ్చింది కూడా ఇదే. డబ్బు లెక్క ఎక్కడికీ పోలేదు, కానీ అందలేదు. 'ఉండటం' ఒక సంగతి, 'అందటం' ఇంకో సంగతి. కంపెనీలు ప్రకటనల్లో రెండింటినీ కలిపేసి చెబుతుంటాయి. వినేవాళ్లు విడదీసుకోవాలి.

అదే అధ్యయనంలో ఇంకో మాట ఉంది. యంత్రాలు చెడిపోవడంలో సుమారు 37 శాతం ఒంటరిగా జరగలేదు. ఒకటి పోయిన కాసేపట్లోనే ఇంకోటి, గుంపుగా పోయాయి. పుస్తకాల్లో లెక్కలన్నీ 'ఒకదాని చావుకు ఇంకోదానితో సంబంధం లేదు' అన్న ఊహతో మొదలవుతాయి. తుపాను చూసినవాళ్లెవరూ ఆ ఊహను నమ్మరు. ఎదురింటి రేకు లేచిపోయిన గాలికే మన ఇంటి రేకూ లేస్తుంది.

7, 5, 12, 17

మూడు ప్రతులు బాగానే ఉంటాయి కానీ ఖర్చు మూడింతలు. లక్ష ఫొటోలకు మూడు లక్షల ఫొటోల చోటు కావాలి. దేశంలో ఉన్న ఫోన్లన్నీ రోజూ వీడియోలు తీసి పడేస్తుంటే ఎన్ని డిస్కులని కొంటారు? అక్కడే గణితం అక్కరకొచ్చింది. ఇది కాగితం, పెన్సిలు పట్టుకుని పిల్లలతో కలిసి చేసి చూడదగ్గ లెక్క.

మీ దగ్గర దాచాల్సిన అంకెలు రెండున్నాయి. 7, 5. వీటికి ఇంకో రెండు కలుపుదాం. మొదటిది రెండింటి కూడిక: 12. రెండోది, మొదటి అంకెకు రెండో అంకెను రెండుసార్లు కలపగా వచ్చేది: 7కు 10 కలిపితే 17. ఇప్పుడు 7, 5, 12, 17 అనే నాలుగు చీటీలను నలుగురు చుట్టాల ఇళ్లలో పెట్టండి. ఒకటి టెక్కలి, ఒకటి పాలకొండ, ఒకటి బొబ్బిలి, ఒకటి చీపురుపల్లి. ఏ రెండు ఊళ్ల చీటీలు పోయినా ఫర్వాలేదు. మీ అసలు అంకెలు ఉన్న చీటీలు రెండూ పోయి 12, 17 మాత్రమే మిగిలాయనుకోండి. 17లోంచి 12 తీస్తే 5. 12లోంచి 5 తీస్తే 7. పోయినవి రెండూ తిరిగొచ్చాయి! ఇంకే రెండు మిగిలినా ఇంతే, కావాలంటే చేసి చూడండి. ప్రతులు తీసే పద్ధతిలో ఏ రెండు పోయినా తట్టుకోవాలంటే ఒక్కో అంకెకు మూడు చొప్పున ఆరు చీటీలు కావాలి. ఇక్కడ నాలుగుతో సరిపోయింది.

ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ అనే ఇద్దరు అమెరికన్లు 1960లో ఐదు పేజీల పత్రంలో చెప్పిన కిటుకు మూలం ఇదే. అప్పటికి అది వట్టి గణితం. ఇరవై ఏళ్లు తిరిగాక గీతలు పడిన సీడీల్లో పాట ఆగకుండా రావడానికి అదే దిక్కయింది. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలోనో, విజయనగరం మూడు లాంతర్ల దగ్గరో కొబ్బరిబొండాల బండికి అంటించిన క్యూఆర్ కోడ్ చూడండి. ఎండకు వెలిసిపోయి, మూల చిరిగిపోయి ఉంటుంది. అయినా ఫోన్ చూపించగానే డబ్బు వెళ్లిపోతుంది. ఆ గళ్లలోనూ రీడ్-సాలమన్ లెక్కే ఉంది. ఆ కోడ్‌ల్లో గట్టి రకమైతే 30 శాతం దాకా చెడినా చదవగలదు.

ఇందులో మన వాటా కూడా ఉంది. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చదివి, ఉద్యోగం వేటలో కోల్‌కతా చేరి గణాంక శాస్త్రంలో దిగ్గజమైన కల్యంపూడి రాధాకృష్ణారావు 1947లో ఒక రకం పట్టికల గురించి రాశారు. ప్రయోగాలు తక్కువ ఖర్చుతో, ఏ అంశాన్నీ వదలకుండా ఎలా పేర్చుకోవాలన్నది ఆయన ఆలోచన. డిస్కులూ సీడీలూ ఆయన ఊహలో ఉండే అవకాశమే లేదు. కానీ రీడ్-సాలమన్ లెక్కల్ని విప్పి చూస్తే అవి ఆ పట్టికల కుటుంబానివేనని గణితవేత్తలు తర్వాత గుర్తించారు. 2023లో, 102 ఏళ్ల వయసులో, అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి అందుకున్న కొద్దినెలలకే ఆయన కన్నుమూశారు.

అన్నట్టు, ఈ కిటుకు తెలుగు పద్యానికి ఇంకా ముందే తెలుసు. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు. ఏది గురువో ఏది లఘువో ముందే నిర్ణయం. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకే హల్లు కావాలి. అది ప్రాస. ప్రతి పాదంలో మొదటి అక్షరానికి పదో అక్షరంతో మైత్రి కుదరాలి. అది యతి. తాటాకు మీద మూడో పాదం రెండో అక్షరాన్ని పురుగు తినేసిందనుకోండి. మిగతా మూడు పాదాలూ అక్కడ ఏ హల్లు ఉండాలో చెప్పేస్తాయి. పదో అక్షరం పోతే మొదటి అక్షరం సాక్ష్యం చెబుతుంది. పాత ప్రతుల్ని పరిష్కరించే పండితులు ఖాళీలు పూరించింది ఈ ఆధారాలతోనే. పిల్లలు బండచాకిరీ అనుకునే ఛందస్సు ఒకరకంగా పద్యానికి చేయించిన బీమా! వచనానికి ఆ వసతి లేదు. పోయిందంటే పోయిందే.

పది గుమ్మాలు తొక్కాలా?

పెద్ద కంపెనీలు ఈ దారికి మళ్లాయి. ఫేస్‌బుక్ ఒక దశలో పది ముక్కల సమాచారానికి నాలుగు పూచీ ముక్కలు కలిపి పద్నాలుగు చోట్ల పెట్టింది. ఏ నాలుగు పోయినా ఇబ్బంది లేదు. చోటు మూడింతలు కాదు, ఒకటిన్నర రెట్ల లోపే. ఆదా ఎంతో లెక్కేసుకోండి.

కానీ ఉచితంగా ఏదీ రాదు. మూడు ప్రతుల పద్ధతిలో ఒకటి పోతే మిగిలిన వాటిలో ఒకదాన్ని చూసి ఎత్తిరాసుకుంటే చాలు. ఇక్కడ ఒక్క ముక్క పోయినా దాన్ని తిరిగి తయారు చేయడానికి మిగతావాటిలో పదింటిని తెప్పించుకుని లెక్క కట్టాలి. ఒక పెంకు పగిలితే పది ఇళ్ల గుమ్మాలు తొక్కినట్టు. 2013లో ఫేస్‌బుక్ కేంద్రం ఒకదాన్ని పరిశీలించిన అధ్యయనం చూస్తే తల తిరుగుతుంది. పావుగంటకు మించి మూగబోయే యంత్రాలు రోజుకు యాభై పైచిలుకు. పోయిన ముక్కల్ని బాగుచేసుకోవడానికే ర్యాక్‌ల మధ్య రోజుకు 180 టెరాబైట్ల రాకపోకలు. సినిమాకి ఒకటిన్నర గిగాబైట్ అనుకుంటే లక్షా ఇరవై వేల సినిమాలు! చిత్రం ఏమిటంటే, నూటికి 98 సందర్భాల్లో పోయింది ఒకే ఒక్క ముక్క.

మైక్రోసాఫ్ట్ దీనికి వీధి పంచాయతీ తరహా ఉపాయం చేసింది. పన్నెండు ముక్కల్ని ఆరేసి చొప్పున రెండు వీధులు చేసి, వీధికో పూచీ ముక్క, ఊరంతటికీ కలిపి ఇంకో రెండు పెట్టింది. ఒక ముక్క పోతే ఆ వీధిలోని ఆరింటిని అడిగితే చాలు. ఊరు ఊరంతా లేవక్కర్లేదు.

బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ప్రొఫెసర్ పి. విజయ్ కుమార్ బృందం ఇంకో దారి తొక్కింది. ఎక్కువ ఇళ్లకే వెళ్దాం, కానీ ఒక్కో ఇంట్లో బియ్యం బస్తా కాదు, గుప్పెడే అడుగుదాం అన్నారు. 'క్లే కోడ్' అనే ఈ పద్ధతిని 2018లో ప్రకటించారు. కొన్ని అమరికల్లో మరమ్మతుకు కావాల్సిన రాకపోకలు దాదాపు మూడోవంతుకు పడిపోయాయి. ప్రపంచమంతా వాడే 'సెఫ్' అనే ఉచిత నిల్వ సాఫ్ట్‌వేర్‌లో అది చేరింది. ఆ పత్రంలో మొదటి పేరు మైనా వఝ. తర్వాత ఆమె ఐఐటీ హైదరాబాద్‌లో అధ్యాపకురాలయ్యారు.

ఇవన్నీ ఒక ఎత్తు, చెదలు ఒక ఎత్తు. డిస్కు చచ్చిపోతే తెలుస్తుంది. బతికే ఉండి, లోపల ఒక అక్షరం తారుమారైతే? అడిగినప్పుడు ధీమాగా తప్పు చెబుతుంది. అందుకే ప్రతి ముక్క పక్కనా సరిచూసుకునే అంకె ఒకటి రాసి ఉంచుతారు. ఎవరూ అడగకపోయినా, పనిలేని వేళల్లో యంత్రాలు ముక్కలన్నింటినీ వరసగా చదివి అంకె సరిపోయిందో లేదో చూసుకుంటాయి. తేడా వస్తే ఆ ముక్కను పారేసి కొత్తది కట్టుకుంటాయి. అటక మీది తాళపత్రాల్ని ఏడాదికోసారి దించి ఎండబెట్టి, నూనె రాసిన చేతులు చేసిన పని ఇది.

ఒకే కప్పు కింద

ఇంత తెలివి ఉండీ పోగొట్టుకున్నవాళ్లు లేరా? ఉన్నారు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా కేంద్రం ఒకటి కాలిపోయింది. తమ సమాచారానికి రెండో ప్రతి ఉందని నిశ్చింతగా ఉన్న కొందరు ఖాతాదారులకు అప్పుడు తెలిసింది, ఆ రెండో ప్రతి కూడా అదే ఆవరణలో ఉందని.

దక్షిణ కొరియా కథ ఇంకా బాధాకరం. 2025 సెప్టెంబరు 26న డేజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా కేంద్రంలో బ్యాటరీలు అంటుకున్నాయి. ప్రభుత్వోద్యోగులు ఆఫీసు ఫైళ్లు దాచుకునే 'జీ-డ్రైవ్' మొత్తం బూడిదైంది. 858 టెరాబైట్లు. బయట ఎక్కడా రెండో ప్రతి లేదు. సాంకేతికతలో ప్రపంచానికి పాఠాలు చెప్పే దేశమది! గణితం తెలియక కాదు. అంత పెద్ద నిల్వకు ఇంకో చోట ప్రతి పెట్టడం కష్టమని వదిలేశారు.

ఇప్పుడీ ముచ్చట మన గుమ్మంలోకి వచ్చింది. 2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖలో కృత్రిమ మేధ కేంద్రం పెడతామంది. ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి, గిగావాట్ స్థాయి డేటా కేంద్రం, సముద్రం అడుగునుంచి వచ్చే కేబుళ్లు. అందుకు చూసిన స్థలాల్లో ఆనందపురం మండలం తర్లువాడ ఒకటి. విజయనగరం పొలిమేరకి కూతవేటు. హుద్‌హుద్ వచ్చి సరిగ్గా పదకొండేళ్ల రెండు రోజులకి ఆ ప్రకటన! నీళ్లు, కరెంటు, భూముల మీద ప్రశ్నలున్నాయి. అవి వేరే చర్చ. కానీ 'తుపాన్ల తీరంలో దాస్తే ఉంటుందా' అన్న సందేహానికి మాత్రం గోడలెంత మందం అన్నది జవాబు కాదు. అక్కడ దాచినదాని మిగతా ముక్కలు ఇంకే ఊళ్లో ఉన్నాయన్నది జవాబు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నిక్‌కు ఢిల్లీ, పుణె, హైదరాబాద్, భువనేశ్వర్‌లలో జాతీయ డేటా కేంద్రాలుండటం వెనక ఉన్నదీ ఈ జాగ్రత్తే. ఒకే తుపాను నాలుగింటినీ తాకలేదు.

బీరువాలో రెండో ప్రతి

పెద్దవాళ్ల సంగతి సరే, మన ఇళ్ల మాటేమిటి? పదేళ్ల పెళ్లిళ్లు, సారెలు, బారసాలలు అన్నీ ఒకే హార్డ్‌డిస్కులో పెట్టుకుని నడుస్తున్న ఫొటో స్టూడియోలు ప్రతి మండల కేంద్రంలోనూ కనిపిస్తాయి. జాగ్రత్తపరులైతే ఇంకో డిస్కులో ప్రతి తీసి అదే బీరువాలో, అదే అరలో పెడతారు. స్ట్రాస్‌బర్గ్‌లో జరిగింది అదే. నేల మీద నడుం లోతు నీళ్లొస్తే రెండూ ఒకేసారి మునుగుతాయి.

ఫోన్‌లో ఉన్నవి వాటంతటవే క్లౌడ్‌లోకి వెళ్తున్నాయి కదా అనుకుంటారు ఇంకొందరు. వెళ్తాయి. డిస్కు పోయినా అక్కడ ఉంటాయి. కానీ మనవడు ఆడుకుంటూ ఫోన్‌లో ఫొటోలు చెరిపేస్తే ఆ చెరపడం కూడా అంతే నమ్మకంగా అక్కడికి చేరుతుంది. కొన్నాళ్లు చెత్తబుట్టలో ఉంచి తర్వాత తీసేస్తారు. మూడు ప్రతులున్నా పద్నాలుగు ముక్కలున్నా యంత్రం పోవడాన్ని తట్టుకుంటాయి. యజమాని చేతులారా చేసినదాన్ని కాదు. అందుకని ఎవరి ఫోన్‌తోనూ ముడిపడని ప్రతి ఒకటి విడిగా ఉండాలి.

ఈ విషయంలో వలస వెళ్లినవాళ్లున్న ఇళ్లు తెలియకుండానే నయం. ఎచ్చెర్ల తీరం నుంచి చేపలవేటకి గుజరాత్‌లోని వేరావల్ వెళ్లిన తండ్రి ఫోన్‌లో కూతురి ఫొటోలన్నీ ఉంటాయి. ఇంట్లో తల్లి ఫోన్ సముద్రం నీళ్లలో పడినా, ఆ పిల్ల మొదటి పుట్టినరోజు పదిహేను వందల కిలోమీటర్ల అవతల పడవలో భద్రంగా ఉంటుంది. దూరం వల్ల జరిగిన మేలు అదొక్కటే కావచ్చు.

మిగతావాళ్లకు పెద్ద ఖర్చేం కాదు. డిస్కులు రెండు కొనాలి. ఒకటి ఇంట్లో, రెండోది వేరే ఊళ్లో ఉన్న చెల్లెలి ఇంట్లోనో తమ్ముడి ఇంట్లోనో. శ్రీకాకుళంలో ఉన్నవాళ్లైతే ఎదురు వీధిలో ఉన్న చుట్టం కన్నా రాయగడలో ఉన్న చుట్టం మేలు. నాగావళికి వరదొస్తే ఎదురు వీధీ మునుగుతుంది మరి. ఇచ్చి ఊరుకోవడం కాదు, సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ డిస్కును సంచిలో వేసుకుని రమ్మనాలి. భోగి మంట దగ్గర కూర్చునే ముందు దాన్ని కంప్యూటరుకు తగిలించి నాలుగు ఫొటోలు తెరిచి చూడాలి. ఈ ఏడాదివి కలిపి మళ్లీ పంపించాలి. తెరుచుకోకపోతే ఇంట్లో ఉన్నదానిలోంచి అప్పటికప్పుడు కొత్త ప్రతి తీసి, కనుమ మర్నాడు బస్సెక్కేటప్పుడు చేతికివ్వొచ్చు.